నాన్న కుడి కన్ను

పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో పనిచేసేవాళ్లకు నీళ్లంటే భయం. కాల్చిన సున్నం మీద నీళ్లు పడితే బుసబుసా ఉడకడం వాళ్లు రోజూ చూసేదే. ఆ తెలివే మా నాన్న కుడి కన్ను తీసింది.

బట్టీలోంచి సున్నం లాగుతుంటే పెళ్ల పగిలి ఆయన కంట్లో పడింది. అమ్మ బిందెతో పరిగెత్తుకొచ్చింది. "ఏమే, బుద్ధుందా? నీళ్లు పోస్తే కన్ను ఉడికిపోద్ది!" అని పక్క బట్టీ పెద్దాయన బిందె లాక్కున్నాడు. ఆముదం పోసి గుడ్డ కట్టారు. వెంటనే నీళ్లతో ఆపకుండా కడిగి ఉంటే కన్ను దక్కేదని చాలా ఏళ్లకు మెడికల్ కాలేజీలో చదివాను.

కన్ను పోయాక నాన్నను మంట దగ్గరికి రానియ్యలేదు. రాళ్లు కొట్టే పనిలో పెట్టారు, కూలి తగ్గింది. సెలవు రోజుల్లో అమ్మతో పాటు నేనూ గంపలు మోశాను. వేళ్లు పగిలి, పరీక్షలు గుడ్డపీలికలు చుట్టుకుని రాశాను. కంటి డాక్టరునే కావాలని అప్పుడే అనుకున్నానంటే అబద్ధం. గంప మోయకుండా ఉంటే చాలనుకున్నాను.

సర్జన్‌నయ్యాక, మంచి కంటి అంచు నుంచి చిన్న ముక్క తీసి కాలిన కంటికి నాటే ఆపరేషన్ నేర్చుకొచ్చాను. మా వైపు అప్పటికి అది ఎవరూ చేయలేదు. మొదటి పేషెంటు నాన్నే.

"ఉన్న కన్ను కూడా కోస్తావంట్రా?"

"అంచున కొంచెమే నాన్నా."

"సరే కానీ. పోతే చెయ్యి పట్టుకుని తిప్పాల్సింది నువ్వే," అని నవ్వాడు. అమ్మ నవ్వలేదు.

మంచి కంటికి ఏమీ కాలేదు. నాటింది మాత్రం నిలవలేదు. కంటిపొర ఎటువైపు ఎంత తెల్లబడుతోందో రోజూ డైరీలో బొమ్మ గీసుకునేవాణ్ణి. చివరికి పొరంతా తెల్లబడి గీయడానికేమీ మిగల్లేదు. ఆ కంటికి వెలుతురు ఒక్కటే తెలిసేది.

నాన్న మాత్రం బట్టీలన్నీ తిరిగి చూపొచ్చిందని చెప్పుకున్నాడు. ఎందుకట్లా అంటే, "రాలేదంటే ఇంకోళ్లు నీ ఆపరేషన్ బల్లెక్కుతారా?" అన్నాడు.

చూపొచ్చిందన్న మాట విని, సున్నంతో ఒక కన్ను పోయిన ఒకామె వచ్చింది. ఆపరేషన్‌కు ముందు రోజు, "మీ నాయనకి చానా బాగా కనపడతందంటగా?" అంది.

"లేదమ్మా. ఆయన రెండో కంటితోనే చూస్తాడు. నీకు చూపు రావచ్చు, రాకపోవచ్చు."

"మరి ఆ ముసలోడు సూదిలో దారం ఎక్కిస్తన్నానన్నాడే!"

లేచి, కొంగు సర్దుకుని వెళ్లిపోయింది.

ఇంటికెళ్లి సంగతి చెబితే నాన్న నా మొహం చూడలేదు. "నిజం చెప్పి ఏం బావుకున్నావురా? ఆమె కన్ను అట్టానే ఉండిపాయె."

నాన్న కంట్లో ఎక్కడ తప్పిందో చూసుకుని పద్ధతి మార్చాను. రిటైరయ్యేదాకా చాలామందికి చేశాను, కొందరికి చూపొచ్చింది. ఆమె కోసం మనిషిని పంపినా రాలేదు. నిజం చెప్పి ఏం బావుకున్నావన్న మాట నాన్న పోయేదాకా వెనక్కి తీసుకోలేదు. మళ్లీ ఆమె వచ్చి అడిగితే నేనూ ఇంకో మాట చెప్పను.