తోకాయన, తీగ లేని సెట్టు

తన పని పోతుందన్న కడుపుమంటతో తోకాయన కళ్ళకు పెట్టుకుని ఆడే కొత్త హెడ్‌సెట్టును కావాలనే ఎండలో పెట్టి కాల్చేశాడట. మా గేమ్ హాలు మెట్ల మీదా, కింద జిరాక్స్ షాపులోనూ, ఎదురుగా హెల్మెట్లు అమ్మే కొట్టులోనూ ఇదే మాట. పోతూ పోతూ ఏడ్చాడని ఒకరు, నవ్వుకుంటూ పోయాడని ఇంకొకరు. "నిప్పు లేకుండా పొగ వస్తుందా?" అని జిరాక్స్ ఆవిడ నన్ను నిలదీసింది. ఆవిడకు ఆయనంటే మొదటినుంచీ పడదు. ఆ మాటకొస్తే ఎవరికి పడింది గనక?

నాకూ పడేది కాదు. ఆడినవాళ్ళు తీసేసిన హెడ్‌సెట్లు తుడవడం నా పని. చెమట పట్టిన మెత్త మార్చాలి, అద్దాలు పొడిగుడ్డతో మధ్యనుంచి అంచుకు తుడవాలి. చేరిన రోజు తెలియక తడిగుడ్డ పట్టుకున్నాను. "ఏమ్మా తుడుపూ, ఇది మీ ఇంటి గచ్చనుకున్నావా?" అన్నాడు అందరి ముందూ. ఆ రోజునుంచి నేను తుడుపునే. ఎనిమిదో తరగతితో ఆగిపోయినదాన్ని, ఎదురు చెప్పే అలవాటు లేదు. ఊరుకుని చూస్తూ ఉండేదాన్ని.

ఆయన పేరూ అలా పడ్డదే. మా పాత సెట్లు కంప్యూటర్‌కు తగిలించేవి, ఒక్కోదానికి వెనక బారెడు తీగ. అది తలకు పెట్టుకున్నవాళ్ళకు హాలు కనపడదు, లోపలి బొమ్మల లోకమే కనపడుతుంది. వాళ్ళు కత్తులు తిప్పుతూ, లేని గోడలకు జడుస్తూ ఎటు పోతే అటు ఈయన ఎడమచేత్తో తీగ ఎత్తిపట్టుకుని వెనకే నడిచేవాడు. ఎవరెన్ని చుట్లు తిరిగారో మనసులో లెక్క పెట్టుకునేవాడు. మూడు దాటితే "ఎడమకి తిరుగు, మెలి పడింది" అని గద్దించేవాడు. లోపల రాక్షసుడు మీదపడుతున్నా సరే, తిరగాల్సిందే. ఆయన ఉన్నన్నాళ్ళూ ఒక్కరూ తీగ తగిలి పడలేదు. ఒక్కరూ థాంక్స్ చెప్పలేదు. తోక పట్టుకునే ఆయన అని మాత్రం నవ్వుకున్నారు.

వయసు యాభై దాటింది. మొదట టీవీలు బాగుచేశాడు. జనం బాగుచేయించుకోవడం మానేసి కొత్తవి కొనుక్కున్నారు. కేబుల్ కనెక్షన్లిస్తూ స్తంభాలెక్కాడు. జనం ఫోన్లలో చూడ్డం మొదలుపెట్టారు. ఇంటర్నెట్ సెంటర్లో కంప్యూటర్లు చూసుకున్నాడు. అది మూతపడి చెప్పుల దుకాణమైంది. పెళ్ళి లేదు, అక్క వాళ్ళింట్లో ముందుగదిలో ఉంటాడు. "నువ్వు కాలు పెడితే కొలిమి కూడా చల్లారుతుందిరా" అని అక్క అంటుందట. ఆయనే చెప్పాడు. నేను నవ్వబోతే, "ఇందులో నవ్వేదేముంది?" అని కసిరాడు.

ఈ ఏడాది కంప్యూటర్లు మొరాయించాయి. మళ్ళీ కంప్యూటర్లూ తీగ సెట్లే కొనాలా, దేనికీ తగిలించక్కర్లేని వట్టి సెట్లు కొనాలా అన్నది తేల్చుకోవాలి. హాలు మా సార్‌ది, కౌంటర్లో కూర్చునేది ఆయన భార్య, మేడం. ఆవిడ తమ్ముడు, మేము చిన్నసార్ అంటాం, ఒక వట్టి సెట్టు నమూనాకని పట్టుకొచ్చాడు.

"బావా, తీగ లేదు, కంప్యూటర్ లేదు. తలకి పెట్టుకో, ఆడుకో. ఈ తోకలు కూడా అక్కర్లేదు" అన్నాడు తోకాయన వైపు గడ్డం ఎగరేసి.

సార్ దాన్ని అయిదు రోజులు వాడి చూసి ఏది మంచిదో చెప్పమని తోకాయనకే అప్పగించారు. తీగ సెట్లొస్తే ఆయన ఉంటాడు, వట్టివొస్తే ఆయనకు హాల్లో పనే లేదు. ఆ సంగతి నాతోసహా అందరికీ తెలుసు.

ఆ అయిదు రోజులూ ఆయన నోటికి తాళం లేదు. "మొహానికి ఇటుక కట్టుకున్నట్టుంది. రెండు గంటలకి చార్జి అయిపోతుంది. మూడో గంట నువ్వొచ్చి ఊదుతావా బాబూ?"

"బొమ్మెలా ఉందో చెప్పవయ్యా" అన్నాడు చిన్నసార్.

"మసక."

"బొమ్మ కాదు, నీ కళ్ళు మసక."

"అయ్యుంటాయి. రోజూ నిన్నే చూస్తున్నా కదా."

మేడం వినేలాగే అన్నాడు. ఆవిడ పెన్ను బల్లకేసి కొట్టింది.

అయిదో రోజు మధ్యాహ్నం మూడింటికి చిన్నసార్ తన స్నేహితుడికి ఆ సెట్టు చూపించి, పడమటి కిటికీ గట్టు మీద చార్జింగ్‌కు పెట్టి వెళ్ళిపోయాడు. అద్దాలు బయటివైపే ఉన్నాయి. నేను లోపలి గదిలోంచి చూశాను. అద్దాల మీద ఎండ పడితే భూతద్దంలా లోపలి తెరను కాల్చేస్తుందని నాకప్పటికి తెలియదు. ఆ వేళకు తోకాయన అన్నానికి వెళ్ళాడు. అయిదింటికి సెట్టు పెట్టుకుంటే రెండు కళ్ళముందూ పసుపు మచ్చలు.

"ఎలాగూ పొమ్మంటారని ముందే తగలబెట్టావా?" మేడం లేచి నిలబడింది.

"నేను పాడుచేస్తే నీ తమ్ముడు మచ్చ కనిపెట్టగలడా అమ్మా? ముప్ఫై ఏళ్ళ పని నాది. పాడుచెయ్యడం కూడా శుభ్రంగా చేస్తాను."

"చూశావా బావా, ఎంత పొగరో!"

తుడిచే గుడ్డ పట్టుకునే గొణిగాను. "మేడం, మూడింటికి చిన్నసార్ కిటికీ దగ్గర..."

"నిన్నెవరు పిలిచారు పంచాయితీకి? వెళ్ళి మెత్తలు మార్చు."

వెళ్ళి మార్చాను. సార్ ఫోన్లోంచి తలెత్తలేదు. "రేపట్నుంచి రావద్దులే" అని ఆ ఫోన్‌కే చెప్పినట్టు చెప్పారు.

తోకాయన స్క్రూడ్రైవర్ల సంచీ చుట్టుకుని, చెప్పులేసుకుని, నా దగ్గర ఆగాడు. ఏడవలేదు, నవ్వలేదు. "అలా గొణిగితే ఎవడికి వినపడుతుందే తుడుపూ?" అని తిట్టి దిగిపోయాడు.

నాలుగు రోజులకు అట్టపెట్టెలు దిగాయి. నాలుగు వట్టి సెట్లు. సరుకు సరిచూడమని సార్ బిల్లు నా చేతికిచ్చారు. అందులో ఆర్డరు పెట్టిన తారీఖు, వేళ చూసి ఆగిపోయాను. నా వేలు ఎక్కడుందో ఆయన చూశారు.

"సెట్టు కాలడానికి ముందురోజు సాయంత్రం తోకాయనే ఈ ఆర్డరు పెట్టమన్నాడు" అన్నారు మెల్లగా. "పావుగంట ఆడి కళ్ళు తిరిగి కూలబడేవాళ్ళకి బొమ్మ నున్నగా ఉంటే ఎంత, గరుగ్గా ఉంటే ఎంత, కాళ్ళకి తీగ తగలకపోతే చాలన్నాడు. మేడంకి చెప్పకు."

జిరాక్స్ షాపులో ఇప్పటికీ పాత కథే నడుస్తోంది.

కిటికీలో సెట్టు కాలింది మధ్యాహ్నం మూడు దాటాక. తీగ లేని సెట్లకు ఆర్డరు వెళ్ళింది ఆ రోజే పొద్దున పదిన్నరకు, తోకాయన మాట మీద.