లైన్ మీద గొలుసు

'లైన్ అంటే గీత' అని రాసే గైడు పుస్తకాలను ముప్పై ఏళ్లు తిట్టాను. విడవలూరు వైపు సముద్రపు ఊళ్లలో ఇంగ్లీషు టీచరుగా పనిచేసినన్నాళ్లూ, ఆరో తరగతికి మొదటి వారం నేను చెప్పిన పాఠం ఆ ఒక్క మాటే. పుస్తకం మూసేయండి, ఇంటికి పోయి ఎన్ని లైన్లు దొరికితే అన్ని పట్టుకురండి అనేదాన్ని.

తెచ్చేవాళ్లు. లారీ డ్రైవరు కూతురు "మా నాయన లైన్ మీద ఉండాడు, ఆదివారం వస్తాడు" అని తెచ్చింది. కొడవలూరు నుంచి చుట్టాల ఇంటికి వచ్చి మా బళ్లో చేరినవాడు, వాళ్ల పొలంలో తాడు పట్టి నాటే నాటును లైన్ నాటు అంటారని చెప్పి, తాడు రెండు చివర్లూ ఎలా పట్టుకోవాలో బెంచీల మధ్య చేసి చూపించాడు. ఫోన్లో నిమిషానికోసారి లైన్లో ఉండమని బతిమాలే ఆడగొంతు కూడా నా క్లాసుకు వచ్చింది. అలిగి వెళ్లిపోయిన మేనమామ పెద్దమనుషులు చెప్పాక 'లైన్లోకి వచ్చాడట'. వెనక బెంచీవాడు పదో తరగతి అన్నలు వేసే లైన్ గురించి చెప్పబోతే నేను ఆపలేదు. హెడ్మాస్టరు మాత్రం కిటికీ దగ్గర నిలబడి విన్నాడు. తర్వాత స్టాఫ్ రూములో ఆయనకూ నాకూ గట్టిగానే అయింది. మాటకు ఉన్న అర్థం చెప్పడానికి సిగ్గెందుకని నేను, సిలబస్‌లో లేదుగా అని ఆయన. చివరికి ఆయనే తగ్గాడు. నాతో వాదించి నెగ్గినవాళ్లు తక్కువ. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని మా ఇంట్లో ఇప్పటికీ అంటారు. అవునంటాను, నేను లెక్కపెట్టాను కాబట్టి.

రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేదు. మావారి వాటా భూమిలో రెండు రొయ్యల గుంటలు తవ్వించాను. ఆడమనిషి, అందులోనూ పంతులమ్మ, రొయ్యలేం చేస్తుందని నవ్వినవాళ్లు రెండో పంటకు నా దగ్గరికే మేత సంగతులు అడగడానికి వచ్చారు. గుంటల మీద నాకు తోడుగా ఒక ఆమె పనిచేస్తుంది. పక్కనున్న జాలర్ల పల్లె, పట్టపుపాలెం మనిషి, నలభై అయిదేళ్లుంటాయి. నన్ను టీచరమ్మా అంటుంది. మేత చల్లడం, నీళ్లు చూడడం, ఏరియేటర్లు తిరుగుతున్నాయో లేదో కనిపెట్టడం ఆమె పని. ఏరియేటర్లంటే నీళ్లను చిలికే చక్రాలు. కరెంటు మీద తిరుగుతాయి. మబ్బు పట్టిన పొద్దుటి పూట అవి ఆగితే అరగంటలో రొయ్యలు ఊపిరాడక పైకి తేలతాయి. అందుకే గుంటలున్న ప్రతిచోటా డీజిల్ జనరేటర్ ఉంటుంది, మాకు రెండు గుంటలకూ కలిపి ఒకటే.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. జనరేటర్ వేసేటప్పుడు బయటి కరెంటు తీగతో దానికి సంబంధం తెగిపోవాలి. లేకపోతే జనరేటర్‌లో పుట్టిన కరెంటు వచ్చిన దారినే వెనక్కి పోయి స్తంభం మీది తీగల్లోకి ఎక్కుతుంది. ఆ సంబంధం తెంపడానికి ఒక పెద్ద స్విచ్ ఉంటుంది. ఉప్పుగాలికి తుప్పు పట్టి మాది కాలిపోయింది. కొత్తది తర్వాతి పంటకు చూద్దామన్నాను. అప్పటిదాకా ఫ్యూజులు మూడూ పీకేసి, ఆ తర్వాతే జనరేటర్ వేస్తున్నాను. మా చుట్టుపక్కల సగం గుంటల మీద జరిగేది ఇదే. బోర్డు ఉన్న గదికి తాళం వేసి తాళంచెవి నా దగ్గరే పెట్టుకున్నాను, రాగితీగ దొంగలు ఎక్కువయ్యారని. ఫ్యూజులు పీకేదీ నేనే, పెట్టేదీ నేనే. ఆమెకు మాత్రం ఒకటే చెప్పాను.

"చక్రాలు ఆగితే నా కోసం చూడబాకు. జనరేటర్ వేసెయ్. రొయ్య ఎవురి కోసమూ ఆగదు."

ఫ్యూజుల సంగతి ఆమెకు చెప్పలేదు. నేనుంటాను కదా అనుకున్నాను.

వాయుగుండం వచ్చి పోయిన మర్నాడు పొద్దున్నే గుంటల మీదికి వెళ్తే, మా గట్టు చివరి స్తంభం పైన తీగ అతుకు దగ్గర చిటపటమని నిప్పులు రాలుతున్నాయి. కరెంటు ఉంది కానీ ఎప్పుడు తెగి పడుతుందో తెలియదు. రొయ్య పట్టి అమ్మే పట్టుబడికి ఇంకా పది రోజులు. లైన్‌మేన్‌కు ఫోన్ చేశాను. అతను నా దగ్గర చదువుకున్నవాడే, నా సబ్జెక్టులోనే రెండుసార్లు తప్పినవాడు. అయినా నేను పిలిస్తే పావుగంటలో వస్తాడు.

వచ్చి స్తంభాన్ని పైనుంచి కింది దాకా చూసి, "పది నిమిషాల పని మేడమ్" అన్నాడు. సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి లైన్ క్లియర్ తీసుకున్నాడు. అంటే అతను మళ్లీ చెప్పేదాకా ఆ తీగలోకి కరెంటు వదలరు. అటు గుంటల్లో చక్రాలు ఆగిపోయాయి. పది నిమిషాలకు రొయ్యకేమీ కాదులే అని నేను స్తంభం దగ్గరే నిలబడ్డాను.

అతను వెంటనే ఎక్కలేదు. సంచిలోంచి ఒక ఇనప గొలుసు తీసి, దాని చివరున్న కడ్డీని నేలలోకి దిగగొట్టి, రెండో చివర కింద నుంచే విసిరాడు. మొదటిసారి జారిపోయింది. మళ్లీ విసిరాడు. మూడోసారికి మూడు తీగల మీదా పడింది.

"సబ్‌స్టేషన్‌లో ఆపేసినారు గదా, ఇంకా ఎందుకురా ఈ విసురుళ్లు? మీ వాళ్ల మాట మీద నీకే నమ్మకం లేదా?" అని నవ్వాను.

"మాకు లైన్లు రెండే మేడమ్. బతికిండేది, చచ్చిండేది. గొలుసు ఏసేదాకా చచ్చిందాన్ని గూడా బతికిందనే అనుకోవాల. ఏసినాక, ఎక్కడి నుంచన్నా కరెంటు ఎక్కినా దీని మీంచి నేలలోకి పోద్ది" అన్నాడు. నడుముకు బెల్టు కట్టుకుంటూ, "అవును మేడమ్, లైన్ అంటే గీత గదా. మరి మమ్మల్ని లైన్‌మేన్ అని ఎందుకన్నారు?" అని అడిగాడు.

ఆ ఒక్క ప్రశ్న చాలు నాకు. ఇరవై అయిదేళ్ల కిందట నా క్లాసులో నిద్రపోయినవాడు ఇప్పుడు అడిగాడు. అతను ఎక్కుతున్నాడు, నేను కింద నుంచి చెబుతున్నాను. ముందు పుట్టింది దారమనీ, గీత తర్వాత వచ్చిందనీ, నారతో పేనిన దారానికి ఉన్న పేరే తాడుకూ తీగకూ రైలు పట్టాకూ పాకిందనీ. అతను పైన పట్టుకారుతో తుప్పు పట్టిన బోల్టును తిప్పుతూ ఊఁ కొడుతున్నాడు. బోల్టు రాలేదు. పది నిమిషాలు దాటాయి. దాటినట్టు నాకు తెలియలేదు. పాఠం చెప్పేటప్పుడు నాకు గంట కొట్టినా వినపడేది కాదు.

వినపడింది జనరేటర్ చప్పుడు.

అరవాలని నోరు తెరిచానో లేదో, స్తంభం మీద ఢాం అని పేలింది. గొలుసు పొడుగునా నీలం రంగు మంట పాకింది. అటు జనరేటర్ రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. నేను తలెత్తి చూశాను. అతను స్తంభాన్ని రెండు చేతులా కరుచుకుని ఉన్నాడు. పట్టుకారు కింద బురదలో పడి ఉంది.

"ఒరే! బాగుండావా?"

చాలాసేపటికి, అంటే నాకు చాలాసేపు అనిపించాక, పైనుంచి మాట వచ్చింది. "ముందు ఆ జనరేటర్ కాడికి పోండి మేడమ్."

అరవై దాటాక అంత వేగంగా నేను పరుగెత్తింది అప్పుడే. గట్టు మీద రెండుసార్లు జారాను. జనరేటర్ షెడ్డు దగ్గర మా ఆమె నెత్తిన చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. కాలిన వాసన. నేను తాళం తీసి, ఫ్యూజులు మూడూ పీకి చేతిలో పట్టుకున్నాను. అవి పట్టుకునే ఆమె మీదికి వెళ్లాను.

"బుద్ధుందా నీకు? మనిషి పైన ఉండాడని కనపడలా? కళ్లు నెత్తిన పెట్టుకోనుండావా? వాడు చచ్చుంటే వాడి పెళ్లాం బిడ్డలకు నువ్వు జవాబు చెప్తావా?"

ఇంకా చాలా అన్నాను. ముప్పై ఏళ్ల క్లాసురూముల్లో కూడా అనని మాటలు అన్నాను. ఆమె "రొయ్యలు అంచుకొచ్చేసినాయి టీచరమ్మా, మీరే చెప్పినారు గదా" అని ఒక్కసారి అని, ఇక తలొంచుకుంది. నేను ఆగలేదు.

వెనకనుంచి అతను వచ్చాడు. ఎప్పుడు దిగాడో, ఎంతవరకు విన్నాడో తెలియదు. కుండలోంచి నీళ్లు ముంచుకుని తాగి, చెంబు జాగ్రత్తగా బోర్లించాడు.

"ఆమెని అనబాకండి మేడమ్. మీరు చెప్పిందే చేసినాది."

అంతే అన్నాడు. నన్ను తిట్టి ఉంటే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. ఎదురు చెప్పడం నాకు చేతనైన విద్య. అతను తిట్టలేదు.

జనరేటర్ కాలిపోయింది. తీగ బాగయితే తప్ప చక్రాలు తిరగవు. అతను గుంట వైపు చూశాడు. అంచు పొడుగునా రొయ్యలు మీసాలు పైకి పెట్టి ఆడుతున్నాయి. "ఇంకో అరగంటలో అయిపోద్దిలే మేడమ్" అని మళ్లీ బయల్దేరాడు. ఈసారి నేను గదికి తాళం వేసి, ఫ్యూజులు కొంగులో మూటగట్టుకుని అతని వెనకే వెళ్లాను. అతను మళ్లీ గొలుసు విసిరాడు. నేను మాట్లాడలేదు. స్తంభం కింద నిలబడి పైకి చూస్తూనే ఉన్నాను, మెడ పట్టేసినా. మధ్యలో అతను తొందరపడుతుంటే మాత్రం "రొయ్యలు పోతే పోనీలేరా, నిదానంగా కానీ" అన్నాను. ఆ మాట నిజంగానే అన్నాను. రొయ్యలు పోవాలని ఎవరికుంటుంది, కానీ ఆ అరగంటలో నాకు ఆ మనిషి కిందికి దిగడం తప్ప ఇంకేదీ అక్కర్లేకపోయింది.

దిగాడు. కరెంటు వచ్చింది. ఒక గుంట దక్కింది. రెండోదాంట్లో సగం పోయింది. మధ్యాహ్నం దాకా మా ఆమే నేనూ చచ్చిన రొయ్యను వలలతో తోడి గట్టు మీద పోశాం. పక్క గుంటల వాళ్లు నలుగురు వచ్చి చూస్తున్నారు. ఏమైందని అడిగారు. మా ఆమె నా మొహం చూసింది.

నేను చేసే పని దాచి చేసే అలవాటు నాకు లేదు. వల కింద పెట్టి అందరికీ వినపడేలా చెప్పాను. స్విచ్ కాలితే వేయించకుండా ఉన్నది నేను, తాళం నా దగ్గర పెట్టుకున్నది నేను, ఫ్యూజులు పీకాలని ఆమెకు చెప్పనిది నేను, తప్పు మొత్తం నాది, ఆమెది పిసరంత కూడా లేదు అని. మీ స్విచ్చులు కూడా ఈరోజే చూసుకోండి అని వాళ్లకూ గట్టిగా చెప్పాను. చెప్పాక ఒళ్లు తేలికైంది. ఒప్పుకోవడం కూడా నాకు బాగానే వచ్చని ఆ క్షణంలో అనిపించింది, అబద్ధం ఎందుకు.

వాళ్లు వెళ్లిపోయారు. ఆమె మళ్లీ వల ముంచింది. నీళ్లు కారిపోయేదాకా పట్టుకుని, నా వైపు తిరక్కుండా అడిగింది.

"ఆయన చచ్చుంటే కూడా ఇట్టానే చెప్పుండేవాళ్లా టీచరమ్మా?"

చెప్పేదాన్నని అనబోయాను. అతను క్షేమంగా కిందికి దిగాడో లేదో తెలియని ఆ రెండు నిమిషాల్లో నా నోటి నుంచి ఏం వచ్చిందో, విన్నది ఆమే.