జిలానీ భాయ్ డ్రోన్ ఎగరదు

సికింద్రాబాద్ మొత్తంలో డ్రోనూ లైసెన్సూ రెండూ ఉండి, దాన్ని ఎగరేయని ఫోటోగ్రాఫర్ ఒక్కడే ఉన్నాడు. అతని పేరు జిలానీ, స్టూడియో బన్సీలాల్‌పేట్‌లో. బుకింగ్ కోసం వచ్చినవాళ్లు నోరు విప్పేలోపే ఆకాశం వైపు చూసి, "ఎగరదు" అనేవాడు.

అతనితో కలిసి స్టూడియో నడిపే యోగిత నేల మీది ఫోటోలు తీసేది. నాలుగేళ్లలో ఆ డ్రోన్ గాల్లోకి లేచింది పదకొండుసార్లే. అందులో మూడు టెస్టింగు.

కారణాలకు కొదవ లేదు. మబ్బు పడితే వాన వస్తుంది. మబ్బు లేకపోతే ఎండకు బ్యాటరీ వేడెక్కుతుంది. గద్ద కనిపిస్తే దాని దారికి అడ్డం పోకూడదు. జనవరంతా పతంగుల మాంజా. ఇవేవీ లేని రోజున ఫోన్‌లో మ్యాప్ తెరిచేవాడు. డ్రోన్ ఎగరేయకూడదని కంటోన్మెంట్ చుట్టుపక్కలంతా ఎర్రగా ఉండేది.

ఒకసారి ఓంప్రకాశ్ అనే బిల్డర్ బతిమాలాడు.

"రెండే నిమిషాలు లేపు భాయ్. ఎవరు చూస్తరు?"

"మిలిటరీవాళ్లు చూస్తరు సార్. వాళ్ల పనే చూసుడు."

"మరి నా బిల్డింగు ఫోటో?"

"ఎదురు బిల్డింగు ఎక్కి తీస్తం."

ఆరంతస్తులు. లిఫ్టు పనిచేయడం లేదు. స్టాండు మోసింది యోగిత. ఆ బిల్డింగు ఓనరు వీళ్లు ఫ్లాటు కొనడానికొచ్చారనుకుని చాయ్ పోసి, వంటగదిలో కుళాయిలన్నీ తిప్పి చూపించాడు. ఫోటో బ్రహ్మాండంగా వచ్చింది. ఓంప్రకాశ్ మాత్రం మళ్లీ రాలేదు.

"డ్రోన్ అమ్మేసి ఒక నిచ్చెన కొందాం భాయ్," అంది యోగిత.

"నిచ్చెన సుత గాలికి ఊగుతది," అన్నాడు జిలానీ సీరియస్‌గా.

మొన్న మల్కాజ్‌గిరిలో టిఫిన్ సెంటర్ నడిపే విమలమ్మ కూతురు నీహారిక పెళ్లి కుదిరింది. ఆ పిల్ల వేరే కులం అబ్బాయిని ఇష్టపడింది. చుట్టాలు మూతి ముడుచుకున్నారు.

"పెళ్లినాటికి అందరొస్తరు," అని విమలమ్మ ధీమా. "పైనుంచి తియ్యాలె బాబూ. మావోళ్లంత కనపడాలె."

పెళ్లి ఊరి శివార్లలోని తోటలో. మ్యాప్‌లో ఆ చోటు పచ్చగా ఉంది. మబ్బు లేదు, గద్ద లేదు, ఆకు కదలడం లేదు. జిలానీ పెట్టె తెరిచి రెక్కలు బిగిస్తుంటే యోగిత తన కళ్లను తానే నమ్మలేకపోయింది.

ముహూర్తం దగ్గరపడింది. జిలానీ గేటు వైపు చూశాడు. కుర్చీల వైపు చూశాడు. రెక్కలు విప్పి పెట్టె మూసేశాడు.

"గాలుంది."

"ఏడుంది భాయ్? ఆకు సుత కదుల్తలేదు!"

"పైన ఉన్నది."

విమలమ్మ ముఖం వాడిపోయింది. "ఒక్కసారన్న లేపవా బాబూ?"

"వద్దమ్మా. పిల్ల నెత్తి మీద పడితే ఎట్ల?"

యోగితకు ఒళ్లు మండిపోయింది. జిలానీ అదేం పట్టనట్టు, "ఎండ తగుల్తది, ముంగటికి రాండ్రి," అంటూ జనాన్నంతా మండపం ముందు వరసల్లోకి జరిపాడు. బ్యాండువాళ్లనూ వంటవాళ్లనూ పిలిచి వెనక వరసలో కూర్చోబెట్టాడు.

"మోకాళ్ల మీద కూసొని తియ్యి," అన్నాడు యోగితతో.

విసుక్కుంటూ కెమెరాలో కన్ను పెట్టింది. భుజానికి భుజం తగిలేలా జనం. ఎక్కడా సందు లేదు. కన్ను తీసి చూసింది. నాలుగు వందల కుర్చీలు, డెబ్బై మంది మనుషులు. మిగతావన్నీ తెల్లగా, ఖాళీగా. పైనుంచి తీస్తే కనిపించేవి అవే.

యోగిత మళ్లీ కెమెరాలో కన్ను పెట్టింది. ఇంకాస్త కిందికి వంగింది.

ఆల్బమ్ తీసుకోవడానికొచ్చిన రోజు విమలమ్మ ఒక్కో పేజీ నెమ్మదిగా తిప్పింది. ఒక ఫోటోలో వేలు ఆగింది. చుట్టాల వెనక వరసలో ఒకాయన, చేతిలో గరిటెతో, నోరంతా తెరిచి నవ్వుతున్నాడు.

"మా చుట్టాలల్ల గింత మంచిగ నవ్వేటోళ్లు సుత ఉన్నరా?" అంది.

జిలానీ, యోగిత ఇద్దరూ నేల చూపులు చూశారు.

విమలమ్మ ఆల్బమ్ మూసి ఒళ్లో పెట్టుకుని నవ్వింది.

"గా దినం పైన గాలి గట్టిగనే ఉండె, కాదు బాబూ?"

"గంటకు నలభై కిలోమీటర్లమ్మా," అన్నాడు జిలానీ.