ప్లగ్గుకి చుట్టిన గోధుమరంగు దారం

మా వీధి టైలరాంటీని మీరు ఒక్కసారైనా కలవాలి. కలిసి తీరాలి. ప్యాంటు పొట్టి చేయించుకునే వంకతో వెళ్లండి, నేనూ అలాగే వెళ్లాను. మిషన్ పక్కన కిటికీ, కిటికీ అవతల రేకుల షెడ్డు, షెడ్డులో యాభై ఏళ్ల నాటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. ఆవపిండి రంగు. నేలకి ఎంత దగ్గరగా ఉంటుందంటే, దాన్ని ఎక్కరు, అందులోకి దిగుతారు. ఆ కారు ఇంజన్ని ఆంటీ తన చేతులతో ఊడదీసింది. యాభై ఎనిమిదేళ్ల మనిషి, అంతకుముందు స్పానర్ ముట్టుకున్నది లేదు.

కారు వాళ్లాయనది. ఆయన ప్లంబరు. ఎప్పుడో ఒక డాక్టరుగారింట్లో పైపులు మారుస్తుంటే, "మూలన పడుంది, తోలుకెళ్తే నీదే" అన్నారట. ఆయన తోలుకురాలేదు, తోసుకొచ్చాడు. తమ్ముడు కార్ల మెకానిక్. ఇద్దరూ కలిసి దాన్ని నడిపించారు. ఆదివారం వచ్చిందంటే అన్నదమ్ములు ఆ రెండు సీట్లలో ఇరుక్కుని షికారు. "మరి నువ్వెక్కడ కూర్చుంటావని ఒక్కరోజు అడిగితే ఒట్టు" అంటుంది ఆంటీ.

ఆరేళ్ల కిందట తమ్ముడు దానికి ఆయిల్ మార్చాడు. పది రోజులకి ఆయిలంతా కారిపోయి, ఇంజన్ నడిరోడ్డు మీద పట్టేసింది. "వీడు అడుగున ఆయిల్ కన్నానికి ప్లగ్గు సరిగ్గా బిగించలేదు" అని ఆంటీ వాళ్లాయన తమ్ముడి షాపుకే వెళ్లి, కస్టమర్లందరూ వింటుండగా అనేశాడు. తమ్ముడు తలొంచుకుని చేతులు తుడుచుకున్నాడట, అంతే. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

ఇప్పుడు ఆయన చేతులు వణుకుతున్నాయి. చెంచా నిలవదు. ఇంక తగ్గేది కాదని డాక్టరు చెప్పేశాడు. చేతులు పూర్తిగా పోకముందే ఇంజన్ దింపి చూసుకోవాలని ఆయన పట్టుదల. ఒకే ఒక్క నట్టు మీద స్పానర్ ఆన్చడానికి ఆయన అరగంట తంటాలు పడటం ఆంటీ కిటికీలోంచి చూసింది. మిషన్ ఆపి, వెళ్లి, స్పానర్ లాక్కుంది.

"నోరు బాగానే పనిచేస్తోందిగా. మీరు చెప్పండి, నేను తిప్పుతా."

తొమ్మిది రోజులు పట్టింది. ఆయన స్టూలు మీద, ఈవిడ బానెట్ లోపల తల పెట్టి. రేడియేటర్, గొట్టాలు, వైర్లు ఒక్కొక్కటీ విప్పడం, విప్పిన ప్రతిదానికీ ఒక గుడ్డపీలిక కట్టి గుర్తు రాయడం. నట్లన్నీ గుండీల డబ్బాల్లోకి. ఆ రాతలు నేను చూశాను: "కాలర్ దగ్గరిది", "కుడి చంక", "నడుం, వెనకవైపు".

ఆయన తల పట్టుకున్నాడు. "ఇది ఇంజనా, చొక్కానా?"

"రెండూ విప్పాక మళ్లీ అతకాల్సినవే కదా."

ఇంజన్ ఎత్తాలంటే మాత్రం చైన్‌పుల్లీ కావాలి. అది మరిది దగ్గరే ఉంది. ఆంటీ ఆయనకి చెప్పకుండా ఫోన్ చేసింది.

"అన్నయ్య అడగమన్నాడా వదినా?"

"నేనే అడుగుతున్నా."

అవతల స్పానర్ కింద పెట్టిన చప్పుడైంది. తర్వాత "ఆదివారం వస్తా" అన్నాడు.

ఆదివారం పొద్దున్న, అతను రాకముందు మిగిలిన పని ఒక్కటే. అడుగున ప్లగ్గు విప్పి, ఉన్న కాస్త ఆయిలూ వంపేయాలి. ఆంటీ కారు కింద దూరింది. విప్పితే రెండు చెంచాల నల్ల మడ్డి కారింది. ప్లగ్గు తుడిచింది. దాని మర చుట్ల మధ్య దారం. నల్లగా, పీలికలుగా. గోరుతో గీకితే లోపల గోధుమరంగు. జీన్స్ అంచులు కుట్టే లావు దారం, తన పెట్టెలోదే. లీకు ఆగడానికి నీళ్ల పైపుకి చుట్టినట్టు వరసగా చుట్టి ఉంది. అలా చుట్టే మనిషి ఆ ఇంట్లో ఒక్కడే.

అంటే తమ్ముడు బిగించాక, దాన్ని మళ్లీ ఆయనే విప్పాడు.

పైనుంచి ఆయన గొంతు. "ఊడిందా? చేత్తోనే వచ్చేసుంటుంది. వాడి పనితనం అలాంటిది."

దారాలు తుంచే బుల్లి కత్తెర ఆంటీ మెడలో ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది. రెండు కత్తిరింపులు చాలు, దారం మాయం.

"ఎంతసేపున్నారాంటీ కింద?" అని అడిగాను.

"నడుం పట్టేసేదాకా" అంది.

కత్తిరించలేదు. బయటికొచ్చి, ఆయన అరచేయి తెరిచి, ప్లగ్గు పెట్టి, వేళ్లు మూసేసింది. ఆయన తెరిచి చూసుకున్నాడు. అప్పుడే గేటు చప్పుడైంది. తమ్ముడు, భుజం మీద చైన్‌పుల్లీ.

ఇక మాటలన్నీ ఆంటీ మీదుగానే. "వదినా, మీ ఆయన్ని స్టూలు జరుపుకోమను." "ఆ దూలం బరువు ఆపుతుందేమో వాణ్ణి అడుగు." గొలుసు లాగితే ఇంజన్‌తో పాటు కారు ముక్కు కూడా లేచింది. "ఏదో వదిలేశావు వదినా." చూస్తే ఇంజన్ని కారు బాడీకి కలిపే లావాటి ఎర్త్ వైరు. గుడ్డపీలిక కట్టనిది అదొక్కటే. అది తీశాక ఇంజన్ మెల్లగా పైకొచ్చి గాల్లో ఊగింది.

తమ్ముడు వంగి అడుగున చూశాడు. ఖాళీ కన్నం.

"ప్లగ్గేది వదినా?"

ఆంటీ స్టూలు వైపు తిరిగింది.

"నా దగ్గరుంది రా" అన్నాడు అన్న, ఆరేళ్లకి, నేరుగా. గుప్పిట తెరిచాడు. "నువ్వు బాగానే బిగించావు. చుక్క కారుతోందని నేనే విప్పా."

"మరి కారకుండా నేను దాని కింద వేసిన రాగి వాషరు?"

"పారేశా."

తమ్ముడు దారం వంక చూసి, వదిన వైపు తిరిగాడు. "రాగి వాషరు పారేసి దారం చుట్టేవాణ్ణి ఏమంటారు వదినా?"

"ప్లంబరంటారు."

అతను నవ్వలేదు. టీ కూడా వద్దన్నాడు. వెళ్తూ గేటు దగ్గర ఆగాడు. "ఆ మాట నా షాపులో అన్నావు అన్నయ్యా. ఈ మాట కూడా అక్కడికే వచ్చి చెప్పు." చైన్‌పుల్లీ మాత్రం దూలానికే వదిలేశాడు.

మర్నాడు ఆంటీ ఆయనకి ఇస్త్రీ చొక్కా వేసి, గుండీలు పెట్టింది. ఆయన ప్లగ్గు జేబులో వేసుకుని ఒక్కడే వెళ్లాడు. మధ్యాహ్నం వచ్చి, "వాడు బుధవారం వస్తాడట, ఇంజన్ విప్పడానికి" అని కంచం ముందు కూర్చున్నాడు. తెలిసే ఇన్నాళ్లూ తమ్ముడి మీద నెట్టారా అని ఆంటీ ఇప్పటికీ అడగలేదు.

నేనైతే ఆ కారు కిందే దారం కత్తిరించేసేదాన్నేమో, ఆయన చేతులు చూసి జాలిపడి. అప్పుడు ఆ తమ్ముడి మాటేంటి? మీ మెడలో ఆ కత్తెర ఉంటే మీరేం చేసేవాళ్లు?