తుఫాను మీదికి నెట్టిన నేరం

నిన్న సాయంత్రం బంగాళాఖాతంలో తుఫాను లేచిందని టీవీలో చెబుతుంటే, పక్కన కూర్చున్న మనవరాలు "అచ్ఛా హై నానీ, నదీ సాఫ్ హో జాయేగీ" అంది. వాన పడితే నది శుభ్రపడిపోతుందట! పసిదాని మీద కోపమెందుకు గానీ, సరిగ్గా ఆ మాటే ఎనభైల మొదట్లో మా మేనేజరుగారి నోట విన్నదాన్ని కనుక ఒళ్ళు మండిపోయింది.

అప్పుడు నేను, మా వాళ్ళు పనులకొచ్చి స్థిరపడిన ఈ ఉత్తరాది ఉక్కు ఊరి పక్కన, గమ్హరియాలో ఇనుప సామానుకు క్రోమియం పూత వేసే ఒక చిన్న ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేసేదాన్ని. తొట్లు కడిగిన పసుప్పచ్చ నీళ్ళు ఏళ్ళ తరబడి కాలువ వెంట నదిలో కలిసేవి. విషం అడుగున ఒండ్రులోకి దిగిపోయేది, పైన నీళ్ళు తేటగానే కనబడేవి కనుక ఎవరికీ పట్టలేదు. ఆ యేడు తుఫాను ఒడిశా తీరం దాటి మా మీదికొచ్చి ఎడతెరిపి లేకుండా కురిసింది. వరద నదిని అడుగంటా కలియబెట్టి, ఆ ఒండ్రునంతా ఎత్తుకుపోయి, దిగువన సీతారామ్‌డేరా పేట పక్కనున్న ఒడ్డు బస్తీలో గుమ్మాల దాకా పరిచి పోయింది.

మా ఆయన అక్క, అంటే మా వదిన, ఆ బస్తీలోనే ఉండేది. అక్కడందరూ నది ఇసకలో చెలమలు తవ్వి తాగేనీళ్ళు తోడుకునేవాళ్ళు. నేను చూడబోయేసరికి బురద ఎత్తిపోస్తున్న వదిన పాదాలు పుళ్ళు పడి ఉన్నాయి.

"ఏటి మరదలా ఈ బురద, కాళ్ళు కొరికేత్తంది" అంది.

ఆ బురదా, చెలమ నీళ్ళూ సీసాల్లో పట్టుకెళ్ళి పరీక్షిస్తే రెండింటిలోనూ క్రోమియమే. ఆ ఫలితాలు తీసుకెళ్ళి మేనేజరుగారికి చూపించాను. ఆయన మన తెలుగాయనే, పెద్ద చదువు చదివినవారు. "తుఫాను తెచ్చిన బురదకు మనమేం చేస్తామమ్మా? అయినా వరదకు నది శుభ్రపడిపోయిందిగా" అన్నారు తాపీగా.

"తుఫాను క్రోమియాన్ని సముద్రంలోంచి తెచ్చిందా సార్? మనం పారబోసి మరిచిపోయినదాన్నే పైకి లేపి వాళ్ళ ఇళ్ళ ముందు పోసింది" అన్నాను. మర్నాడే నన్ను ల్యాబు నుంచి స్టోర్సుకు మార్చేశారు.

ఆ సాయంత్రమే బస్తీకి వెళ్ళి ఇంటింటికీ చెప్పాను. వదిన దగ్గరుండి చెలమలన్నీ పూడ్పించింది. దూరమైనా అందరూ వీధి కుళాయికే నడిచారు. వదిన పుళ్ళు మానడానికి చలికాలమంతా పట్టింది. ఫ్యాక్టరీ కాలువ మాత్రం ఎప్పట్లాగే పారింది.

ఇప్పుడు ఆ బస్తీలో ఇంటింటికీ కుళాయి ఉంది, సంతోషమే. కానీ బిందె పక్కన పెట్టుకుని, నీళ్ళు ఊరేదాకా ఇసకలో కూర్చుని నవ్వుకునే ఆడవాళ్ళు ఆ ఒడ్డున ఒక్కరూ కనబడరు. పిల్లల్ని నదిలో కాళ్ళు పెట్టనివ్వరు. తప్పు చేసినవాళ్ళు హాయిగా రిటైరైపోయారు. నదిని వదులుకోవలసి వచ్చింది మాత్రం మా వాళ్ళకు.