డాడీ కాల్ అయ్యేదాకా

రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు, ఆగస్టులో స్కూళ్లు తెరిచిన వారం, నాకు ఇక్కడ అమెరికాలో, ఫ్రిస్కో అనే ఊళ్లోని ఒక ఎలిమెంటరీ స్కూల్‌ కూడా అప్పగించారు. అప్పటికే రెండు స్కూళ్ల మధ్య కారులో పరుగులు పెడుతున్నాను; ఇది మూడోది. నా హోదా స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజిస్టు. పేరు ఘనంగా ఉంటుంది గానీ పని సూటిగా చెప్పేయొచ్చు: మాట సరిగా రాని పిల్లలకు, వచ్చినా పలకలేని పిల్లలకు సాయం చేయడం, అసలు ఎవరికి ఆ సాయం అవసరమో తేల్చడం. మా స్కూల్ డిస్ట్రిక్ట్‌లో ఆ ఉద్యోగం చేస్తూ తెలుగు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. అందుకని తెలుగిళ్ల పిల్లల ఫైళ్లు ఎటు తిరిగినా చివరికి నా నెత్తిమీదికే వచ్చేవి.

సెప్టెంబరు చివర్లో వచ్చిన ఫైలు ఆద్యది. పేరు మార్చాను. ఆరేళ్ల పిల్ల, ఫస్ట్ గ్రేడ్. క్లాస్ టీచర్ రాసింది ఏమిటంటే, పొద్దున బడిలో అడుగుపెట్టిన దగ్గర్నుంచి ఆద్య నోరు విప్పదు. పేరు పిలిస్తే చెయ్యెత్తుతుంది. బాత్రూమ్‌కి వెళ్లాలంటే పిడికిలి చూపిస్తుంది. మా దగ్గర పైకి చదివించే పరీక్ష పొద్దున్నే పెడతారు. ఆద్య ఒక్క అక్షరం పలకలేదు కాబట్టి సున్నా వచ్చింది. మధ్యాహ్నానికి కాస్త కుదురుకుంటుందని టీచర్ చివర్లో ఒక ముక్క రాసింది గానీ దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

ఇక్కడి పద్ధతి చెప్పాలి. తల్లిదండ్రులు పరీక్షలకు ఒప్పుకుని సంతకం చేసిన రోజు నుంచి మాకు గడువు మొదలవుతుంది. గడువులోపల నేను, స్కూల్ సైకాలజిస్టు వేరువేరుగా పిల్లను పరీక్షించి రిపోర్టులు రాయాలి. ఆ తర్వాత ప్రిన్సిపల్, టీచర్, మేమిద్దరం, తల్లిదండ్రులు కమిటీగా కూర్చుంటాం. పిల్ల మామూలు క్లాసులో ఉంటుందా, స్పెషల్ ఎడ్యుకేషన్‌కి వెళ్తుందా అక్కడే తేలుతుంది. ఆద్య విషయంలో గాలి ఎటు వీస్తోందో ముందే తెలిసిపోతోంది. మాట రాని పిల్లల చిన్న క్లాసు ఇంకో స్కూల్లో ఉంది. అక్కడికి పంపుదామని కారిడార్లలో అనుకోవడం నా చెవిన పడింది. ఒకసారి అటు వెళ్లిన పిల్ల తిరిగి రావడం ఎంత కష్టమో నాకు తెలుసు. నిద్ర సరిగా పట్టేది కాదు.

మొదటిరోజు పొద్దున ఆద్యను నా గదికి తీసుకెళ్లాను. బొమ్మలు చూపించి అడిగితే అన్నీ సరిగ్గా వేలుపెట్టి చూపించింది. మాట మాత్రం లేదు. తెలుగులోకి దిగి, పొద్దున ఏం తిన్నావమ్మా అని బుజ్జగించాను. నవ్వింది, రెండు వేళ్లు చూపించింది, గోడ గడియారం వంక చూసింది. నాకసలే ఓపిక తక్కువ. ఇంత తొందర మనిషివి ఈ పని ఇన్నేళ్లు ఎలా చేశావే అని మా ఆయన ఇప్పటికీ వేళాకోళం చేస్తాడు. ఆ రోజు గంటసేపు బతిమాలి, బయటికొచ్చి, కారిడార్‌లో నాలో నేనే విసుక్కున్నాను.

సైకాలజిస్టుకు ఒక అనుమానం ఉంది. కొందరు పిల్లలు ఇంట్లో వసపిట్టల్లా వాగుతారు, బడిలో మూగబోతారు. భయం వల్ల వచ్చే ఇబ్బంది అది. నేనూ సగం ఒప్పుకున్నాను.

ఆ వారమే వేరే పిల్లాడిని చూడటానికి లంచ్‌ రూమ్‌కి వెళ్లాను. బల్ల చివర ఆద్య పులిహోర డబ్బా ముందు పెట్టుకుని, పక్కపిల్లతో ఇంగ్లీషులో దడదడా మాట్లాడేస్తోంది. నోట్లో అన్నం ఉండగానే! ఓరి దేవుడా, ఇదేమిటి అనుకుంటూ అక్కడే నిలబడిపోయాను. సైకాలజిస్టు చెప్పిన ఇబ్బంది చోటును బట్టో, మనుషులను బట్టో ఉంటుంది. ఈ పిల్లది వేళను బట్టి ఉంది. మధ్యాహ్నం అదే గదిలో, అవే బొమ్మలతో మళ్లీ పరీక్షించాను. రెండు భాషల్లోనూ వయసుకు మించి మాట్లాడింది. మర్నాడు పొద్దున మళ్లీ పిడికిలే.

తల్లిదండ్రులను పిలిపించాను. తండ్రి కిరణ్‌ది వరంగల్, తల్లి స్వాతిది నెల్లూరు. ఇద్దరూ సాఫ్ట్‌వేరే. పొద్దున మీ ఇంట్లో ఎలా గడుస్తుందో చెప్పండి అన్నాను. కిరణ్ ముఖం వెలిగిపోయింది.

“మా ఇల్లు పొద్దున చూడాలె మేడమ్. అరుపుల్లేవు, ఏడుపుల్లేవు. మా ఫ్రెండ్స్ ఇండ్లల్ల షూస్ ఏవని ఒకటే గోల. మాకు అసలు చప్పుడే ఉండదు.”

విషయం ఏమిటంటే, హైదరాబాద్‌లో సాయంత్రం పని ముగిసే వేళకు ఫ్రిస్కోలో తెల్లవారుతుంది. అక్కడి టీమ్ ఆ రోజు చేసిన పనిని కాల్‌లో కిరణ్‌కి అప్పజెబుతుంది. పక్కగదిలో స్వాతికి ఇంకో కాల్. అందుకని పిల్లకు సైగలు నేర్పారు. ఒక వేలు పాలు, రెండు వేళ్లు ఇడ్లీ, పిడికిలి బాత్రూమ్. కాల్ అయ్యేదాకా మాట్లాడకూడదు. పిల్ల బంగారం, ఒక్కసారి చెబితే పట్టేసుకుందని స్వాతి మురిసిపోయింది.

మరి ఆ కాల్ ఎప్పుడవుతుందని అడిగాను.

“స్కూల్ కాడ దింపేటప్పుడు ఇంకా నడుస్తనే ఉంటది మేడమ్. చెయ్యి ఊపుత, దిగిపోతది.”

నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. లంచ్ అయ్యేదాకా ఎలా ఆగానో నాకే తెలియదు. ఆద్యను పిలిచి, పొద్దున నాతో ఎందుకు మాట్లాడవమ్మా అని అడిగాను.

“డాడీ కాల్ అయిపోలేదు కదా ఆంటీ.”

“డాడీ ఇక్కడ లేరు కదా?”

“బట్, కాల్ ఉంది కదా. లంచ్‌కి అయిపోతుంది.”

మధ్యలో మాట్లాడితే ఏమవుతుందని అడిగాను. గొంతు తగ్గించేసింది. “డాడీ జాబ్ పోతుంది. అప్పుడు వీసా పోతుంది. అప్పుడు వీ హ్యావ్ టు గో.”

ఆరేళ్ల పిల్ల రోజూ మధ్యాహ్నం దాకా తండ్రి ఉద్యోగాన్ని కాపలా కాస్తోంది.

సాయంత్రం ఫోన్‌లో ఈ మాట చెప్పగానే కిరణ్ ఒకటికి రెండుసార్లు చెప్పించుకున్నాడు. తర్వాత గుర్తుచేసుకున్నాడు. అంతకుముందు వేసవిలో, క్లయింట్ లైన్‌లో ఉండగా, ఆద్య బాత్రూమ్‌లోంచి “డాడీ, అయిపోయింది, రా!” అని అరిచింది. అందరూ విన్నారు. వీసా పొడిగింపు కాగితాలు అప్పుడే పంపారట. ఆ చిరాకులో, ఇంకోసారి అరిస్తే నా జాబ్ పోతుంది, మనం వెళ్లిపోవాలి అన్నాడు. “నేను ఆ రాత్రికే మర్చిపోయిన మేడమ్. అది మర్చిపోలే.”

మర్నాడే పిల్లకు నచ్చజెప్పాడు. మాట్లాడినా ఏమీ కాదు అన్నాడు. బుద్ధిగా తలూపింది, బడిలో మాట్లాడలేదు. తర్వాత బడికి ముందు సిగ్నల్ దగ్గరే కాల్ ఆపేసి చూశాడు. ఫోన్ వంక అనుమానంగా చూసిందట, అంతే. కమిటీ మీటింగ్ వచ్చే వారమే. రోజూ పొద్దున నా పనులు వదిలేసి పిల్లలను దింపే కార్లు వరుసకట్టే డ్రాప్-ఆఫ్ లైన్ దగ్గర కాలుకాలిన పిల్లిలా తిరిగేదాన్ని.

దారి చూపింది స్వాతి. ముగ్గురం మళ్లీ కూర్చున్నప్పుడు, అప్పటిదాకా వింటున్న మనిషి ఒక్కసారిగా అంది: “చెబితే నమ్మదండీ అది. ఆ కాల్‌లోనే మాట్లాడించండి.”

“మేనేజర్ ఉంటడు స్వాతీ.”

“ఉండనీండి. వాళ్ల కోసమే కదా దాని నోరు నొక్కింది.”

కిరణ్ వీసా సంగతి అప్పటికింకా తేలలేదు. అతని భయం ఉత్తుత్తి భయం కాదు. నేను బలవంతపెట్టలేదు. చేస్తానని అతనే అన్నాడు.

సోమవారం వాళ్ల కారు లైన్‌లో ముందుకొచ్చి ఆగింది. అద్దం దించి ఉంది, ఫోన్ స్పీకర్‌లో ఉంది. మా అమ్మాయి అందరికీ గుడ్ మార్నింగ్ చెబుతుందని ఇంగ్లీషులో అన్నాడు. ఆద్య బ్యాగ్ గట్టిగా పట్టుకుని ఫోన్ వంకే చూస్తోంది. డ్యూటీలో ఉన్న టీచర్ కారు కదలమని చెయ్యి ఊపుతోంది. నేను వెళ్లి కారు వెనక అడ్డంగా నిలబడ్డాను. ఆ లైన్‌లో ఎవరూ కొట్టని హారన్ ఆ రోజు ఒకరు కొట్టారు.

“గుడ్ మార్నింగ్,” అంది ఆద్య. నాకే సరిగా వినబడలేదు.

హైదరాబాద్‌ నుంచి ఐదారు గొంతులు ఒక్కసారి “గుడ్ ఈవెనింగ్ ఆద్యా!” అన్నాయి. ఎవరో అమ్మాయి “తిన్నావా నాన్నా?” అని అడిగింది. మేనేజర్ కూడా నవ్వుతూ గుడ్ మార్నింగ్ చెప్పాడు. ఆద్య తండ్రి వంక చూసి, ఆ ఫోన్ ముందే, పైకే అడిగింది: “డాడీ, జాబ్ ఉందా?”

“ఉంది బిడ్డా. ఇంకా ఉంది.”

పిల్ల దిగింది. ఆ పూట హాజరు పిలిచినప్పుడు చెయ్యెత్తి, చిన్నగా “హియర్” అందని టీచర్ పరుగున వచ్చి చెప్పింది. మిగతా మాటలు రావడానికి ఇంకొన్ని వారాలు పట్టింది. మాటలో లోపం లేదు, స్పెషల్ ఎడ్యుకేషన్ అవసరం లేదు అని నేను రాశాను. చదివే పరీక్ష మళ్లీ పెట్టమన్నాను. కమిటీ ఒప్పుకుంది. కిరణ్‌కి వీసా పొడిగింపు ఆ చలికాలంలో వచ్చింది.

తర్వాత స్వాతి ఫోన్ చేసింది. “ఆంటీ, ఇప్పుడు పొద్దున్నే దాని నోటికి తాళం వేయలేకపోతున్నాం. కబుర్లు చెబుతూ ఒక షూ వేసుకుని కూర్చుంటుంది. రోజూ లేటే!” ఫిర్యాదు అనుకోవాలట. లేటైతే స్కూల్ ఆఫీసులో లేట్ స్లిప్ రాయించుకోమని చెప్పాను.

ఆ తర్వాత నా దగ్గరికొచ్చిన ప్రతి ఇంటివాళ్లనూ, పొద్దున ఇల్లు ప్రశాంతంగా ఉంటుందని చెబితే, ఆ ప్రశాంతత కోసం ఎవరు నోరు మూసుకుంటున్నారని అడిగేదాన్ని. పిల్లకు మాట్లాడవద్దని చెప్పినవాళ్లే, ఎక్కడ వద్దన్నారో అక్కడే, మాట్లాడమని చెప్పాలి. మాలాంటివాళ్లం చేయగలిగింది, వెనకున్న కార్లను కాసేపు ఆపడమే.