పెళ్లి గోడ మీద పాపం

నా మొట్టమొదటి ప్రసంగం విని మారుమనసు పొందినవాడు ఒక్కడే. ఆ ఒక్కడూ నేనే. అది కూడా నాలుగు గంటలసేపు ఇనపరేకుతో గోడ గీకిన తర్వాత. ఆ ఆదివారం మా చర్చికి నేను చేసిన నష్టం ఏ తుఫానూ చేయలేదని మా ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. తుఫానుకైతే ముందుగా హెచ్చరిక వస్తుంది. నాకు అదీ లేదు.

అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు. రెండేళ్లు బైబిల్ ట్రైనింగ్ చేసి, పిడుగురాళ్ల పక్కనున్న మా పల్లెకు అప్పుడే తిరిగొచ్చాను. ట్రైనింగ్‌లో మాస్టారు చెప్పిన వంద సంగతుల్లో నా బుర్రకు ఎక్కింది ఒకటే. పాపం, రక్షణ లాంటి పెద్ద విషయాలను రోజూ చూసే వస్తువులతో చెప్పాలట. ఇక ఇంట్లో ఏ వస్తువునూ ప్రశాంతంగా బతకనివ్వలేదు నేను. టీ వడపోసే జాలీ తీర్పుదినం అయింది, ఫోన్ ఛార్జరు ప్రార్థన అయింది. ఒకరోజు పొయ్యి మీద పాలు పొంగుతుంటే మనిషి కోపం గురించి అమ్మకు బోధించడం మొదలుపెట్టాను.

"ముందు స్టవ్వు ఆపరా సన్నాసీ, బోధ తర్వాత చేద్దువు" అంది అమ్మ.

అలాంటి నన్ను మా పాస్టరు అయ్యగారు పిలిచి, "ఈ ఆదివారం నువ్వు వాక్యం చెప్పు దానియేలూ. పదిహేను నిమిషాలు చాలు. వస్తువులేమీ తేవద్దు" అన్నారు. ఆ చివరి మాట నాకు స్పష్టంగా వినపడింది. పట్టించుకోలేదు, అంతే.

ఇక్కడ మీకు మరియమ్మ పెద్దమ్మ గురించి చెప్పాలి. గోడలకు సున్నాలు వేయడం ఆమె పని. మా ఊళ్లో సగం ఇళ్ల తెలుపు ఆమె చేతిదే. ఆమె కూతురు రూతు పెళ్లి సోమవారం పది గంటలకు మా చర్చిలోనే. పెద్దమ్మ రెండు రోజులు సున్నం నానబెట్టి, పాత చీరలో వడగట్టి, చిటికెడు నీలిమందు కలిపి, వాక్యం చెప్పే పుల్పిట్ వెనక గోడకు మూడు పూతలు వేసింది.

"పూల డెకరేషన్లు పెట్టించే స్తోమత మనకాడ లేదు నాయనా. నా బిడ్డకి ఈ గోడే డెకరేషన్. ఫొటోలన్నీ దీని ముందే దిగాల" అంది నాతో, భుజం నొక్కుకుంటూ.

ఆ గోడను చూసి ఊరంతా రూతు పెళ్లిని తలుచుకుంది. నేను మాత్రం నా ప్రసంగాన్ని తలుచుకున్నాను. తెల్లటి గోడ మనిషి హృదయం, దాని మీద నల్లటి మరక పాపం, ఒక్క పూత సున్నంతో మరక మాయం, అదే రక్షణ! మిగిలిన సున్నం బకెట్‌లో వెనకాలే ఉంది. ఇంతకంటే ఏం కావాలి?

ఇంట్లో గిన్నె మసితో ప్రయత్నిస్తే చేత్తో దులిపితేనే రాలిపోయింది. పాపం అలా రాలిపోకూడదు కదా, జిడ్డుగా పట్టుకోవాలి. అందుకని ట్రాక్టర్లు రిపేరు చేసే సాంబయ్య బాబాయి షెడ్డుకు వెళ్లాను. ఆయన మా చర్చి మనిషి కాదు గానీ మా చర్చిలో భోజనాలు ఏనాడూ వదల్లేదు.

"బాబాయ్, కాలిన ఇంజనాయిల్ కొంచెం కావాలి."

"ఏ బండికిరా?"

"బండికి కాదు, వాక్యానికి."

"దేవుడి మాటలకి ఇంజనాయిలేందిరా?"

"పాపం కోసం బాబాయ్."

ఆయన నన్ను కిందికీ మీదికీ చూసి, ఒక డబ్బా నింపి ఇచ్చాడు. "సరిపోద్దా? ఎక్కువ పాపమైతే ఇంకో డబ్బా ఉంది" అన్నాడు.

ఆదివారం చర్చి నిండిపోయింది. పెళ్లి చుట్టాలు కూడా వచ్చారు. "పాపాన్ని కప్పిపెడితే పోదు ప్రియులారా!" అని గర్జించి, మసీ ఆయిలూ కలిపిన ముద్దలో అరచెయ్యి ముంచి, గోడ మీద చెళ్లున కొట్టాను. ఐదు వేళ్లూ అచ్చు పడ్డాయి. ఆడవాళ్ల వైపు నుంచి పెద్ద నిట్టూర్పు వచ్చింది. నా బోధకు హృదయాలు కరుగుతున్నాయని మురిసిపోయాను.

"ఒరేయ్! ఏం చేస్తన్నావురా!" అని పెద్దమ్మ లేచి నిలబడింది.

"కంగారు పడొద్దు పెద్దమ్మా, ఇప్పుడే రక్షణ వస్తంది" అని కుంచె ముంచి ఒక పూత వేశాను.

మరక అలాగే ఉంది.

సున్నం తడిగా ఉన్నంతసేపూ తెల్లగా కనపడదు. ఆరితేనే తెలుపు. చుట్టూ సున్నం బట్టీలున్న ఊళ్లో పుట్టి, ఆ ముక్క నేనొక్కడినే మర్చిపోయాను. రెండో పూత వేశాను, మూడోది వేశాను. ఆయిల్ కుంచెకు అంటుకుంది. కుంచె ఎటు వెళితే మరక అటు వెళ్లింది. అరచెయ్యంత పాపం చూస్తుండగానే తలుపంత అయింది.

"రక్షణ వేసేకొద్దీ పాపం పెరుగుతందేందిరా?" అన్నాడు వెనక బెంచీ నుంచి సాంబయ్య బాబాయి.

అయ్యగారు గబగబా లేచి, "ప్రార్థన చేసుకుందాం" అన్నారు. అందరూ కళ్లు మూసుకున్నారు, పెద్దమ్మ తప్ప.

ఆరాధన అయ్యాక బయట భోజనాలు మొదలయ్యాయి. కాసేపటికి లోపలికి తొంగిచూస్తే, గోడ తెల్లగా ఉంది! ఎగిరి గంతేసి బయటికి పరిగెత్తాను. "తడిగా ఉన్నప్పుడు సందేహపడ్డారు కదా! విశ్వాసమంటే ఓపిక!" అని విస్తళ్ల ముందే రెండో ప్రసంగం అందుకున్నాను.

పెద్దమ్మ వచ్చి నా చెయ్యి వాసన చూసింది. "అందులో ఆయిల్ గట్రా ఏం కలపలా గదా?"

"ఉత్త మసే పెద్దమ్మా" అన్నాను.

గంట కిందట పాపం గురించి గర్జించిన నోరే అది. సాంబయ్య బాబాయి ముక్క నములుతూ నావైపు ఒకసారి చూసి, మళ్లీ విస్తరి మీదికి తల వంచాడు.

మధ్యాహ్నం రెండింటికి లోపలి నుంచి రూతు కేక. "అన్నా! గోడ మీద మళ్లీ నీ చెయ్యి!"

వెళ్లి చూశాం. తెలుపులోంచి టీ రంగులో ఐదు వేళ్లూ తేలి వచ్చాయి. రూతు గోరింటాకు పెట్టుకున్న చేతులతో కళ్లు తుడుచుకోలేక, చీర భుజానికి రుద్దుకుంటోంది.  అయినా నాకు బుద్ధి రాలేదు.

"బ్యానర్ కట్టేద్దాం చెల్లీ. మరక కనపడదు."

"కప్పిపెడితే పోదని పొద్దున అరిచింది ఎవరు, అన్నా?" అంది రూతు.

పెద్దమ్మ చీర కుచ్చెళ్లు దోపుకుని, కుంచె తీసుకుని స్టూలెక్కింది. "మసే గదా. ఇంకో రెండు పూతలు పడితే పోద్దిలే. ఏడవమాకే" అని కూతురిని ఓదార్చింది. కుంచె ఎత్తబోయి, మళ్లీ ఆ భుజమే నొక్కుకుంది. అది చూశాక నేనిక నోరు మూసుకుని ఉండలేకపోయాను.

"పెద్దమ్మా, ఆగు. ఉత్త మసి కాదు. ఇంజనాయిల్ కలిపాను. నీకు అబద్ధం చెప్పాను."

"నేనే ఇచ్చానమ్మా" అన్నాడు సాంబయ్య బాబాయి తలుపు దగ్గరి నుంచి. "పాపం కోసమంటే కాదనలేకపోయా."

పెద్దమ్మ స్టూలు దిగింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. "ఆయిల్ మీద వంద పూతలేసినా ఆగదు నాయనా. ముందు గోడ లోపలి గచ్చు కనపడేదాకా గీకాల. సబ్బు నీళ్లతో కడగాల. అప్పుడే సున్నం పట్టుద్ది" అని ఇనపరేకు తెచ్చింది.

"ఎవరు గీకాలి?" అన్నాను, బుద్ధిలేక.

"పాపం ఎవరిది?" అంది పెద్దమ్మ.

పొద్దు వాలేదాకా గీకాను. ముక్కులోకీ కళ్లలోకీ సున్నమే. సాంబయ్య బాబాయి స్టూలు పట్టుకుని, "చెప్పడం కంటే గీకడం చానా బాగా వచ్చురా నీకు" అని మెచ్చుకున్నాడు. కడిగి ఆరబెట్టిన గోడకు పెద్దమ్మ పూత వేసింది. తడి గోడ ఏ రంగుకు తిరుగుతుందో తెలియక అందరం ప్రార్థన చేసుకుంటూ ఇళ్లకు వెళ్లాం. ఆ రోజు నేను చేసిన అసలైన ప్రార్థన అదే.

సోమవారం పొద్దున వెళ్లి చూస్తే గోడ మల్లెపువ్వులా ఉంది. ఒక్క వేలు కూడా కనపడలేదు. పెళ్లిలో చుట్టాలంతా జంటను వదిలి గోడనే చూస్తుంటే, పెళ్లికొడుకు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. నేను అరువు తెచ్చుకున్న నల్లకోటుతో అయ్యగారి పక్కన నిలబడి, బరువు దిగిన సంతోషంలో గోడకు హాయిగా ఆనుకున్నాను.

చివరి ప్రార్థన నన్ను చేయమన్నారు. బైబిల్ అందుకోవడానికి జనం వైపు వీపు తిప్పాను. చర్చి అంతా గొల్లున నవ్వింది. పెళ్లికూతురు పూలగుత్తిలో మొహం దాచుకుని ఊగిపోయింది. నా నల్లకోటు వీపు మెడ నుంచి నడుము దాకా తెల్లగా మెరిసిపోతోంది.

ఆ నవ్వుల మధ్య పెద్దమ్మ గొంతు ఖంగున వినిపించింది. "నిన్న బాగా గీక్కున్నాడు గదా, అందుకే సున్నం ఇంత బాగా పట్టింది!"

ఇప్పుడు నేనూ ఒక చిన్న సంఘానికి పాస్టర్‌ని. అందుచేత పిడుగురాళ్ల సున్నం బట్టీల మీదా, పోయిన ఆ నల్లకోటు మీదా ఒట్టేసి చెబుతున్నాను. ఇకమీదట పాపం గురించి బోధించడానికి దాన్ని డబ్బాలో పట్టుకుని చర్చికి వెళ్లను. నాతోపాటు నడిచొచ్చేది చాలు.